ఈసారి డీలియా అడగదు

క్లూన్‌రాలో డీలియా టుహీ ముందు తల వంచని ఆడమనిషి లేదు. గొప్పకు చెబుతున్న మాట కాదిది. ముప్పై ఏళ్ళకు పైగా ఆవిడ తన ఇంటి ముందుగదిలో జుట్టు కత్తిరించే షాపు నడిపింది. ఊళ్ళో ఎవరి జుట్టు నలుపు పుట్టుకతో వచ్చిందో, ఎవరిది సీసాలోంచి వచ్చిందో ఆవిడకు తెలుసు. తెలిసినా ఎక్కడా పొక్కనివ్వదు. ఆ విషయంలో చర్చిలో పాపాల ఒప్పుకోలు వినే ఫాదర్ గారికన్నా ఆవిడే నయమని ఆడవాళ్ళందరూ ఒప్పుకుంటారు. సొంత అభిప్రాయం మాత్రం ఎవరి మొహం మీదైనా అనేస్తుంది. బిషప్ గారి చెల్లెలు వచ్చి పత్రికలో బొమ్మ చూపించి ఇలా కత్తిరించమంటే, "ఇది ఆ పిల్ల మొహానికి బాగుంది, మీ మొహానికి బాగుండదు" అని కత్తెర పక్కన పెట్టేసింది. బిషప్ గారి చెల్లెలు ఆ తరువాత పదిహేనేళ్ళు వేరే షాపు గడప తొక్కలేదు.

మొదటి పెళ్ళి కూడా అలాగే చేసుకుంది. పాలకేంద్రం లారీ నడిపే టామ్ టుహీ రెండేళ్ళపాటు రోజూ పొద్దున్నే ఆవిడ వాకిట్లో లారీ ఆపి, వాతావరణం గురించి నాలుగు మాటలు మాట్లాడి పోతుండేవాడు. ఓ వానరోజు డీలియాకు విసుగొచ్చింది. కొంగలా మెడ చాచి లారీ కిటికీలోకి చూసి, "పెళ్ళి చేసుకుందామా, నన్ను ఇంగ్లండ్ పొమ్మంటావా?" అని అడిగేసింది. టామ్ కాసేపు వైపర్లకేసి చూసి, "చేసుకుందాంలే" అన్నాడు. మంచివాడు. సంసారం బాగానే సాగింది. కాకపోతే ఎప్పుడు మాటామాటా పెరిగినా, ఉప్పెక్కువైందన్నా, పైకప్పు కారుతోందన్నా, టామ్ దగ్గర ఒక్కటే అస్త్రం ఉండేది. "నేను అడిగానా? నువ్వే కదా అడిగావు!" ఆ మాటకు డీలియా దగ్గర జవాబు లేదు. అన్నిటికీ జవాబున్న మనిషికి ఒక్కదానికి లేకపోవడం ఎంత కష్టమో ఆవిడకే తెలుసు. టామ్ పోయాక ఆవిడ చాలా రోజులు ఏడ్చింది. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, ఇంకెప్పుడైనా ఇలాంటి సంగతి వస్తే తాను మాత్రం ముందు నోరు తెరవకూడదని ఒట్టు పెట్టుకుంది.

ఆ సంగతి రానే వచ్చింది. దాని పేరు జార్లత్ మన్నియన్.

క్లూన్‌రా పెద్దవాళ్ళ సంఘం ఏటా అక్టోబరులో మూడు రోజులు సముద్రం వైపు బస్సు వేసుకుని పోతుంది. పొయ్యిలోకని బురదనేలల్లో తవ్వి ఎండబెట్టిన మట్టిగడ్డలు ఇళ్ళకు చేరాక, చలికాలానికి గడియారాలు గంట వెనక్కి తిప్పకముందు. బస్సులో ఎవరి సీటు వాళ్ళది. చర్చిలో బల్లల్లాగే, ఒకసారి కూర్చుంటే అంతే, మనిషి పోతేనే ఆ సీటు ఖాళీ. ఆరేళ్ళ కిందట డీలియా మొదటిసారి బస్సెక్కినప్పుడు ఎడమవైపు నాలుగో వరుసలో కిటికీ పక్కన కూర్చుంది. చివరగా ఎక్కిన జార్లత్, మిగిలిన ఒక్క సీటూ అదే కాబట్టి, టోపీ చేత్తో పట్టుకుని ఆవిడ పక్కన కూర్చున్నాడు. అప్పటినుంచీ అది అతని సీటు.

జార్లత్ గొర్రెలు కాసే రైతు. డెబ్బై నిండినా మనిషి గడ్డపారలా నిటారుగా ఉంటాడు. పెళ్ళి కాలేదు. తమ్ముడూ తనూ కలిసి ఉండేవారు, తమ్ముడు పోయాడు. నోట్లో నాలుక లేని మనిషని ఊళ్ళో పేరు, కానీ అది పూర్తిగా నిజం కాదు. పొద్దున ఫలహారం దగ్గర రేడియోలో పోయినవాళ్ళ పేర్లు చదువుతారు కదా, అది వినకుండా జార్లత్ గుడ్డు పగలగొట్టడు. జిల్లాలో ఎవరు పోయినా, తెలిసినవాళ్ళయినా కాకపోయినా, కోటు లోపలి జేబులోంచి నల్ల టై తీసి కట్టుకుని బయల్దేరతాడు. అక్కడ, ఆ శవపేటిక పక్కన, అతని నోరు విచ్చుకుంటుంది. భర్త పోయిన ఆవిడతో ఏమనాలో, బిడ్డ పోయిన తండ్రితో ఏమనకూడదో అతనికి తెలిసినట్టు ఫాదర్ గారికి కూడా తెలియదు. బతికున్నవాళ్ళతో మామూలుగా మాట్లాడాల్సి వస్తేనే గొంతు పెగలదు.

ఆరేళ్ళుగా ప్రతి గురువారం సాయంత్రం జార్లత్ డీలియా వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుంటున్నాడు. టోపీ మోకాలి మీద పెట్టుకుంటాడు. ఈస్టరుకు గొర్రెమాంసం తెస్తాడు. చూరు నీళ్ళ గొట్టం బాగుచేస్తాడు. టీ తాగి, "సరే మరి, మిసెస్ టుహీ" అని లేచి పోతాడు. ఆరేళ్ళయినా మిసెస్ టుహీయే. మొదటి ఏడాది ఊరంతా గుసగుసలాడింది. రెండో ఏడు నవ్వుకుంది. ఇప్పుడు ఎవరూ ఏమీ అనుకోవడం లేదు. డీలియాకు దీనంత తలవంపు ఇంకోటి లేదు.

ఇంతలో వాటర్‌ఫర్డ్‌లో ఉన్న చెల్లెలు ఊనా ఫోన్ చేసింది. ఆవిడ భర్త కూడా పోయాడు, ఇల్లు పెద్దది, కిందిగది ఖాళీగా ఉంది, వచ్చెయ్యమంది. "నీకోసం ఎదురుచూడనా, గది ఎవరికైనా ఇచ్చెయ్యనా? ఆదివారానికి చెప్పు" అని గడువు పెట్టింది. డీలియాకు చెల్లెలంటే ఇష్టమే. పోవడం మాత్రం ఇష్టం లేదు. అలాగని ఏడాదికోసారి బస్సులో పక్కన కూర్చునే మనిషి కోసం, వారానికోసారి టీ తాగిపోయే మనిషి కోసం, ఉన్నచోటే ముసలిదైపోవడం కూడా ఇష్టం లేదు.

"ఈ మూడు రోజుల్లో తాడో పేడో తేలిపోవాలి" అంది స్నేహితురాలు ఇమెల్డాతో, బయల్దేరే రోజు పొద్దున చర్చి గేటు దగ్గర బస్సు కోసం నిలబడి. "శనివారం సాయంత్రం బస్సు మళ్ళీ ఈ గేటు ముందు ఆగేలోపు అతను అడగాలి. లేదా ఆదివారం ఊనాకు ఫోన్ చేసి వస్తున్నానని చెప్పేస్తాను."

"అంత బాధెందుకే? నువ్వే అడిగెయ్. నీకు కొత్తా ఏంటి?"

"ఛస్తే అడగను."

"అయితే వాటర్‌ఫర్డ్‌కి దుప్పట్లు సర్దుకో. ఆ మహానుభావుడు అడిగేసరికి మనిద్దరి సమాధుల మీదా పూలు పెట్టేసి ఉంటారు."

ఇమెల్డా సీటు డీలియా వెనకే. ఆవిడ చెవులు ముందు సీటు మీదే ఉంటాయి.

బస్సు దక్షిణంగా కెర్రీ వైపు సాగింది. డ్రైవరు కోలీ చేతులు రెండూ చక్రం మీదే ఉన్నా, ఎదురొచ్చే ప్రతి బండికీ ఒక వేలు ఎత్తి పలకరిస్తున్నాడు. కొండల మీద ఫెర్న్ పొదలు ఎర్రబారిపోయాయి. గొర్రెలను మీదినుంచి కిందికి దించేశారు. కంచెల్లో బ్లాక్‌బెర్రీలు మెత్తబడి పాడయ్యాయి, అవి తినే రోజులు దాటిపోయాయి. వాన వస్తుంది, ఎండ వస్తుంది, మళ్ళీ వాన. ఎండ వచ్చినప్పుడల్లా బస్సులో ఎవరో ఒకరు "ఈ ఏడాది ఇదే బాగుంది కదూ" అంటారు. జార్లత్ మోకాళ్ళు ముందు సీటుకు తగులుతుంటే ముడుచుకుని, డీలియాకు చోటు తగ్గకుండా సగం దారిలోకే కూర్చున్నాడు. ఆ మర్యాద చూస్తే డీలియాకు ముద్దూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది.

రెండో రోజు రంగురంగుల ఇళ్ళున్న ఒక రేవు పల్లెలో ఆగారు. వేసవి జనం వెళ్ళిపోయారు, ఐస్‌క్రీం బండి మీద గుడ్డ కప్పేశారు, వలలు గోడ మీద ఆరేశారు. ఇమెల్డా తన పథకం అమల్లో పెట్టింది. అందరినీ చేపల సూపు పేరు చెప్పి హోటల్లోకి తోలి, "మీరిద్దరూ కాస్త ఆ గోడ దగ్గర నిలబడండి, నా గొడుగు పోయింది, వెతుక్కుని వస్తా" అంది. గొడుగు ఆవిడ చంకలోనే ఉంది.

ఆటు సమయం కావడంతో సముద్రం వెనక్కి తగ్గింది. తడి ఇసుక మీద పిట్టలు పరుగులు పెడుతున్నాయి. అవతల కొండ మీద ఎండ పడి గడ్డంతా బంగారం పూసినట్టుంది. ఇంతకన్నా మంచి చోటు ఆ దేవుడు కూడా ఏర్పాటు చెయ్యలేడని డీలియా అనుకుంది. స్కార్ఫు సర్దుకుని, ఏమీ ఎరగనట్టు సముద్రంకేసి చూస్తూ నిలబడింది.

జార్లత్ గొంతు సవరించుకున్నాడు. టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"మిసెస్ టుహీ."

"ఊఁ."

"మిమ్మల్ని ఒక మాట అడగాలని చాలా రోజులనుంచీ అనుకుంటున్నాను."

గోడ మీద చెయ్యి ఆనించింది. "అడుగు జార్లత్."

అతను నీళ్ళు నమిలాడు. కొండకేసి చూశాడు. మెడ ఎర్రబడింది.

"ఆ కొండ కింద గొర్రెలకి వీపు మీద నీలం గుర్తులున్నాయి చూశారా? ఈ ఉప్పుగాలికి కూడా చెరగలేదు. ఏ రంగు వాడతారంటారు?"

డీలియా నోటి చివరిదాకా వచ్చిన మాటను పళ్ళ బిగువున ఆపుకుంది. ఇంకొక్క క్షణం ఉంటే తనే అడిగేసేది.

"నాకేం తెలుసు? నేను మనుషులకి వేస్తాను రంగు" అని విసవిసా హోటల్లోకి పోయింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆవిడ బంగాళాదుంపలు కూడా సరిగ్గా తినలేదు. ఇమెల్డా అడిగితే, "ఊనాకి గదికి తెరలు కొనమని చెప్పాలి" అంది. ఇమెల్డా నవ్వబోయి, స్నేహితురాలి కళ్ళు చూసి ఊరుకుంది. డీలియాకు కోపం కన్నా బాధ ఎక్కువగా ఉంది. అతనికి తన మీద ఇష్టం లేకపోతే ఈ ఆరేళ్ళ గురువారాలూ ఏమిటి? ఉంటే నాలుగు మాటలకు ఇంత కరువేమిటి? తలుచుకుంటే దుఃఖం వచ్చింది. అయినా ఒట్టు ఒట్టే.

శనివారం పొద్దున తిరుగు ప్రయాణం. సముద్రం అంచునే ఉన్న సన్నదారిలో పోదామని అందరూ ముందే అనుకున్నారు. బాలిన్‌కారా అనే ఊరి దగ్గర అడ్డదారిలోంచి పెద్దదారిలోకి రాబోతుంటే, ఎదురుగా శవపేటికను మోసుకుపోతున్న నల్లబండి నెమ్మదిగా వెళుతోంది. కోలీ బస్సు ఆపి ఇంజను కట్టేశాడు. టోపీ తీశాడు. బస్సులో అందరూ నుదుటి మీద, గుండె మీద శిలువ గుర్తు వేసుకున్నారు. నల్లబండి వెనక ఒక కారు, ఆ వెనక కాస్త ఎడంగా మరో కారు. ఆ రెండో కారతను బస్సును చూసి ఆగి, లైట్లు వేసి దారిచ్చాడు. దారిచ్చినవాణ్ణి కాదనడం మర్యాద కాదు. కోలీ చెయ్యెత్తి దండం పెట్టి బస్సును దారిలోకి దించాడు.

దించాక తెలిసింది తామెక్కడున్నారో. ముందు చనిపోయిన మనిషి, ఆ వెనక ఇంటివాళ్ళ కారు, ఆ వెనకాలే క్లూన్‌రా పెద్దవాళ్ళ సంఘం. వెనక మిగిలిన కార్లు.

"ఓవర్‌టేక్ చేసెయ్ కోలీ" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"శవాన్ని దాటి పొమ్మంటావా? మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చి నా చెవి మెలేస్తుంది" అన్నాడు కోలీ.

ఎక్కడైనా పక్కకు తప్పుకుందామంటే దారికి రెండువైపులా రాతిగోడలు. నడక వేగంతో మైలున్నర పోయాక చర్చి వచ్చింది. పసుపుపచ్చ కోటు వేసుకుని బండ్లకు దారి చూపే మనిషొకడు పరుగెత్తుకొచ్చి, ఎంతో సంతోషంగా, బస్సును నేరుగా చర్చి ద్వారం ముందుకే చేతులూపి రప్పించాడు. బస్సులోంచి తొంగిచూస్తున్న నెరిసిన తలలన్నీ చూసి, "నోనీకి ఇంతమంది ఉన్నారా!" అని పక్కవాడితో అనడం కిటికీలోంచి వినబడింది.

ఇప్పుడు ఏం చెయ్యాలి? చర్చి ముందు బస్సు ఆగాక, లోపల కూర్చుని ఉండటమంత సిగ్గుమాలిన పని ఇంకోటి లేదు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఒక్కొక్కరూ కోటు బొత్తాలు పెట్టుకుంటూ లేచారు. ఇమెల్డా పెదవుల రంగు తుడిచేసుకుంది. డీలియా పక్కకు తిరిగేసరికి జార్లత్ మెడలో నల్ల టై ఉంది.

దిగగానే అతను వేరే మనిషయ్యాడు. గోడ దగ్గర నిలబడ్డ ముసలాయన పక్కకు వెళ్ళి, భుజానికి భుజం ఆనించి, రెండు నిమిషాల్లో సంగతంతా కనుక్కుని వచ్చాడు. మెల్లగా మనవాళ్ళందరికీ చెప్పాడు. "పోయినావిడ నోనీ. కొండ వెనకాల ఇల్లు. అన్న థేడీ, ఈవిడా, ఇద్దరే. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. పుట్టిన్నాటినుంచీ ఒకే ఇంట్లో ఉన్నారు. ఊళ్ళో సగం ఇళ్ళు వేసవి ఇళ్ళు, ఇప్పుడు తాళాలు వేసి ఉన్నాయి. జనం తక్కువని ముసలాయన బెంగపడుతున్నాడట. మనం వెళ్ళి కూర్చుందాం."

నిజంగానే చర్చిలో ముందు బల్ల మీద ఒక్కడే మనిషున్నాడు. కోటు వదులుగా వేలాడుతోంది. మనవాళ్ళు వరసగా నిలబడి, ఒక్కొక్కరే వంగి, ఆయన చెయ్యి పట్టుకుని, "మీకొచ్చిన కష్టానికి చాలా బాధగా ఉందండీ" అని కదిలారు. ఈ మాట క్లూన్‌రాలో పిల్లలకు అక్షరాలతోపాటు నేర్పుతారు. ముసలాయన ప్రతి మొహాన్నీ వింతగా చూస్తూ, ఒక్కరినీ గుర్తుపట్టలేక, అయినా వచ్చారు కదా అని తల ఊపుతున్నాడు.

జార్లత్ వంతు వచ్చింది. వెనకే డీలియా.

జార్లత్ ఆయన చేతిని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. తొందర పడలేదు. వెనక వరస ఆగిపోయింది.

"నా పేరు జార్లత్ మన్నియన్. నోనీ గారిని నేను ఎరగను. దారిలో కలిశాం, వచ్చాం. కానీ మీ ఇల్లు నాకు తెలుసు థేడీ గారూ. మా ఇల్లూ అలాంటిదే. నేనూ మా తమ్ముడూ. ఇవాళ సాయంత్రం మీరు ఇంటికెళ్ళి టీ పెట్టి, అలమరలోంచి రెండు కప్పులు దించుతారు. దించాక గుర్తొస్తుంది. దించితే దించండి. ఒకటి వెనక్కి పెట్టెయ్యక్కర్లేదు. నేను ఏడాదిపాటు దించాను."

డీలియా ఈ సంగతి ఎన్నడూ వినలేదు. ఆరేళ్ళ గురువారాల్లో ఒక్కసారి కూడా వినలేదు. వంటింట్లో ఒక్కడే రెండు కప్పులు ముందు పెట్టుకుని నిలబడ్డ మనిషి ఆవిడ కళ్ళముందు కనబడ్డాడు.

ముసలాయన కళ్ళు నిండాయి. ఆయన జార్లత్ చెయ్యి వదల్లేదు. "ఇప్పుడో నాయనా?" అని అడిగాడు. "ఇప్పుడు ఒక్కటే దించుతున్నావా?"

ఆ ప్రశ్నకు నిజం చెబితే ఆ ముసలాయన ఇంటికెలా వెళతాడు? జార్లత్ నోరు తెరిచాడు.

"ఇప్పుడూ రెండేనండి. ఇదిగో, మా ఇంటావిడ. డీలియా."

వెనక ఇమెల్డాకు పొలమారింది.

డీలియా చెయ్యి అప్పటికే ముసలాయన రెండో చేతిలో ఉంది. ఆయన ఆవిడకేసి ఆశగా చూస్తున్నాడు. "మీ ఆయన మాటకి ప్రాణం లేచొచ్చింది తల్లీ. ఎన్నేళ్ళయింది పెళ్ళయి?"

బిషప్ గారి చెల్లెలికి జవాబు చెప్పిన నోరు ఆవిడది. ఆ క్షణాన ఆ నోటికి ఒక్క మాటే దొరికింది.

"ఇంకా కొత్తేనండి" అంది.

పూజ జరిగినంతసేపూ జార్లత్ తల ఎత్తలేదు. సమాధి దగ్గర మట్టి కప్పడానికి మగవాళ్ళు చాలకపోతే పార అందుకున్నాడు. కోలీ ఒకటి అందుకున్నాడు. జార్లత్ ఎంత చకచకా కప్పాడంటే, ఆ గోతిలో తను దూరిపోవాలనుకుంటున్నాడేమో అనిపించింది. జనం చర్చి పక్క హాల్లోకి సూపూ సాండ్‌విచ్‌ల కోసం కదులుతుంటే, డీలియా అతన్ని ఫ్యూషియా పూల కంచె పక్కన పట్టుకుంది.

"జార్లత్. లోపల ఏమన్నావు?"

"నోరు జారింది, మిసెస్ టుహీ."

"ఇందాక డీలియా అన్నావు."

"తప్పయిపోయింది." అతని మొహం పాలిపోయింది. "నా జన్మలో చావు దగ్గర అబద్ధం చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. అక్కడ చెప్పిన మాట నిలవాలి, లేకపోతే ఆ మాటలకి విలువేముంది? ఆ పెద్దాయన నమ్మాడు. ఉండండి, వెళ్ళి చెప్పేసి వస్తాను."

అంటూనే సమాధుల మధ్యనుంచి పెద్దపెద్ద అంగలు వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

డీలియా అక్కడే ఉండిపోయింది. ఆరేళ్ళకు నోట్లోంచి ఒక్క మాట వచ్చింది, దాన్ని కూడా వెనక్కి తీసుకోవడానికి పోతున్నాడు. పిలిస్తే ఆగుతాడు. "ఆగు, ఆ మాట నిజం చేసుకుందాం" అంటే చాలు, ఇక్కడికిక్కడే అయిపోతుంది. వాటర్‌ఫర్డ్ అక్కర్లేదు, తెరలు అక్కర్లేదు. పిలవాలని ఒళ్ళంతా కొట్టుకుపోయింది. కంచె కొమ్మ పట్టుకుని నిలబడింది. లేదు. ఈసారి మాత్రం తను అడగదు. అడిగించుకోదగ్గ మనిషిని కానా నేను, అనుకుంది. అనుకుంటే కళ్ళు మండాయి.

అక్కడ జార్లత్ టోపీ తీసి థేడీ చెవి దగ్గర వంగాడు. చాలాసేపే మాట్లాడాడు. ముసలాయన ఏదో అడిగాడు. జార్లత్ నేల చూపులు చూస్తూ జవాబిచ్చాడు. ఉన్నట్టుండి ముసలాయన పకపకా నవ్వాడు. చెల్లెలి సమాధి మీద మట్టి ఇంకా తడిగానే ఉంది. హాలువైపు పోతున్నవాళ్ళు ఆగి వెనక్కి తిరిగి చూశారు.

జార్లత్ తిరిగొచ్చాడు. టోపీ ఇంకా చేతిలోనే ఉంది.

"చెప్పేశాను."

"ఏమని?"

"ఈవిడ నా భార్య కాదు, నేనింకా అడగలేదు అని."

"దానికాయన ఏమన్నాడు?"

"ఎందుకడగలేదన్నాడు."

"నువ్వేమన్నావు?"

జార్లత్ ఫ్యూషియా పూలకేసి చూశాడు. అక్కడ గొర్రెలు లేవు. ఆవిడకేసి చూడక తప్పలేదు.

"అడిగాక ఆవిడ కాదంటే, గురువారం సాయంత్రం పోవడానికి నాకింకో ఇల్లు లేదు, అందుకని అడగలేదన్నాను."

డీలియా పట్టుకున్న కంచె కొమ్మ వదిలేసింది.

"అప్పుడే నవ్వాడు. 'ఒరే పిచ్చోడా, ఒక్కరోజు కోసం ఆరు రోజులు వదులుకుంటున్నావురా' అన్నాడు. వచ్చే నెల నోనీ గారి నెల పూజకి ఇద్దర్నీ రమ్మన్నాడు. ఆ లోపు ఆ అబద్ధం నిజం చేసుకోమన్నాడు. లేకపోతే నన్నొక్కణ్ణే వచ్చి క్షమాపణ చెప్పుకోమన్నాడు."

"మరి ఏం చేస్తావు?"

"అదే ఆలోచిస్తున్నాను."

"నిలబడి ఆలోచిస్తే నెల గడిచిపోతుంది జార్లత్. అడిగేదేదో అడుగు."

"ఇక్కడా? ఇప్పుడా?"

"నీకు మాటలొచ్చేది ఇలాంటి చోటే కదా. ఇంకెక్కడ అడుగుతావు?"

జార్లత్ టోపీ చంకలో పెట్టుకున్నాడు. అతనికి తెలిసిన పద్ధతి ఒక్కటే. ఇందాక ముసలాయన చెయ్యి పట్టుకున్నట్టే, డీలియా చేతిని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. ఆ చేతులకు ఇంకా మట్టి ఉంది. ఈసారి తడబడలేదు.

"డీలియా. నేను అంత మాటకారిని కాను. మీరు వాటర్‌ఫర్డ్ వెళ్ళిపోతారని ఇమెల్డా బస్సులో అంటుంటే విన్నాను, రెండు రోజులుగా నాకు అన్నం సహించడం లేదు. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

"చేసుకుంటాను" అంది డీలియా.

బస్సు వెనకనుంచి ఎవరో ముక్కు చీదిన చప్పుడైంది. ఇమెల్డాయే.

హాల్లో సూపు తాగారు, ఎండుద్రాక్ష రొట్టె తిన్నారు, క్లూన్‌రావాళ్ళూ బాలిన్‌కారావాళ్ళూ కలిసి లెక్కలు వేసుకుంటే ఇద్దరి ముగ్గురి మధ్య ఏదో దూరపు చుట్టరికం కూడా తేలింది. బయల్దేరే వేళకు థేడీ చేతికర్ర ఊతంతో బస్సు దాకా నడిచొచ్చాడు. మిగతావాళ్ళందరూ ఎక్కేదాకా ఆగి, మెట్టు మీద కాలు పెట్టబోతున్న డీలియాను ఆపాడు.

"అడిగాడా?"

"అడిగాడండి."

"ఏమన్నావు?"

"సరేనన్నాను."

ముసలాయన తల ఊపాడు. గాలికి కళ్ళు నీళ్ళు కారుతుంటే తుడుచుకున్నాడు.

"పొద్దున్నుంచీ వచ్చినవాళ్ళందరూ నాకు అయిపోయిన సంగతులే చెబుతున్నారు తల్లీ. అలా ఉండేది, ఇలా ఉండేది అని. తప్పు కాదు, చెప్పాలి కదా. మొదలైన సంగతి చెప్పింది నువ్వొక్కదానివే. ఈ నెల ఎలా గడపాలా అనుకున్నాను. నెలాఖరుకి మీరొస్తారంటే గడిచిపోతుంది."

డీలియా మెట్టు దిగింది. తనెన్నడూ చూడని నోనీ కోసం, ఆ ఖాళీ ఇంటి కోసం, పొద్దుటిదాకా తనదేనని తెలియని తన సంతోషం కోసం అన్నీ కలిపి ఒక్కసారే ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఆయన భుజాలు పట్టుకుని అందరి ముందూ ఏడ్చింది.

"ముందురోజే వస్తాం" అంది, కళ్ళు తుడుచుకుంటూ. "మీ ఇంట్లోనే దిగుతాం. వంట నేను చేస్తాను, మీరేం పనులు పెట్టుకోకండి. ఆ జుట్టు కూడా అలా వదిలెయ్యకూడదు, కత్తెర తెస్తాను."